దిష్టి తీసిన మట్టి

ఆ రోజు పొద్దున శేషగిరిరావు పెట్టుకున్న పని ఒక్కటే. పల్లపు చెక్కలోంచి మట్టి తీసి, పరీక్షకు ఇచ్చి, పెళ్లయినప్పటి నుంచీ నడుస్తున్న వాదన ఒకటి తేల్చుకోవాలి.

ఆ చెక్క ఆయన భార్య రత్నకుమారికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. అటూ ఇటూ రాళ్ల గుట్టలు, మధ్య పల్లంలో రెండెకరాలు. నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, నేల మీద పిండి ఆరబోసినట్టు తెల్లగా పేరుకుంటుంది. మిరప నాటితే మోకాలెత్తు రాకముందే మాడిపోతుంది. కూరలో ఉప్పు ఎక్కువైన ప్రతిసారీ "మీ నాన్న పొలం ఇచ్చాడా, ఉప్పుమడి ఇచ్చాడా?" అనేవాడు శేషగిరిరావు. తక్కువైనా అనేవాడు.

చౌడులో రకాలున్నాయని వ్యవసాయాధికారి ఫరా చెప్పింది. తెల్లగా ఉప్పు పేరే పాలచౌడైతే మంచినీళ్లు పెట్టి కడిగి, ఆ నీళ్లను బయటికి పంపాలి. నల్లగా గట్టిపడే కారుచౌడైతే జిప్సం వెయ్యాలి. ఏదో తేలాలంటే మట్టి చూడాలి. ఆమె చెప్పినట్టే ఆయన పొలంలో అక్కడక్కడ గుంటలు తీసి, ఆ మట్టంతా కలిపి, అందులోంచి కాస్త తెచ్చి, ఉతికిన పంచె మీద వసారా నీడలో ఆరబోశాడు. మంచి సంచీ కోసం బజారుకు వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే పక్కింటి ప్రభావతి వచ్చింది. "ఏందే రత్నం, మట్టికి పంచె కట్టి కూచోబెట్టారు?" అని నవ్వి, వంగి చూసి, "మట్టి మాత్రం బంగారంలా ఉందే" అని వెళ్లిపోయింది.

పుట్టింటి మట్టిని ఒకరు మెచ్చుకోవడం రత్నకుమారి వినడం అదే మొదటిసారి. ముందు కడుపు నిండింది, తర్వాత దిష్టి గుర్తొచ్చింది. పరీక్షకు వెళ్లే రోజున ప్రభావతి కన్ను పడితే ఇంకేమన్నా ఉందా? గుప్పెడు కళ్లుప్పు తెచ్చి, దేవుణ్ణి తలుచుకుని, మట్టి చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది.

"ఏమే, ఎవరికే ఆ దిష్టి?" అని వెనక నుంచి అత్తగారు వీరరాఘవమ్మ అడిగేసరికి ఉలిక్కిపడి గుప్పెట వదిలేసింది.

మట్టి ఇంకా చెమ్మగానే ఉంది. దొరికినన్ని ఉప్పు రాళ్లు ఏరింది. కరిగినవాటిని దేవుడికి వదిలేసింది. దేవుడు అన్నీ చూసుకుంటాడు కదా, ఇది మాత్రం చూసుకోడా అనుకుంది. చెబితే మళ్లీ ఉప్పు మాటే వస్తుందని, భర్త తెచ్చిన సంచీలోకి ఆ మట్టిని తనే ఎత్తి పరీక్షకు పంపింది.

వారం తిరక్కుండా ఫరా ఫోన్ చేసి, మీ పొలం దగ్గర సముద్రమేమన్నా ఉందాండీ అని అడిగింది. శేషగిరిరావు ఎలక్షన్ గెలిచినంత సంబరపడి, టీ కొట్టులో అందరికీ టీ పోయించాడు. సాయంత్రానికి పల్నాడు కింద సముద్రం ఉందని తేలిపోయింది. ఇద్దరు పెద్దమనుషులు పొలానికి వెళ్లి మట్టి నాలిక మీద వేసుకుని చూసి, నిజమేనన్నారు. అంత ఉప్పులో రొయ్యలు తప్ప ఇంకేం బతకవని మరొకాయన తీర్పు చెప్పాడు. శుక్రవారం చెరువు తవ్వడానికి జేసీబీ మాట్లాడుకుని శేషగిరిరావు ఇంటికొచ్చాడు.

"కార్తీకమాసం. ఇంట్లో ఉల్లిపాయ ముట్టటంలా. నువ్వు రొయ్యలు పెంచుతావంట్రా?" అంది వీరరాఘవమ్మ.

"పెంచేది ఇప్పుడు. తినేది తర్వాత గదమ్మా."

రత్నకుమారి కంచం ముందు నుంచి లేచిపోయింది. తండ్రి ఇచ్చిన నేల గొయ్యి కాబోతోంది, అదీ తన గుప్పెట్లోంచి జారిన ఉప్పు వల్ల. నిజం చెప్పడానికి నోరు రాక, విజయపురి సౌత్‌లో కాలవల డిపార్ట్‌మెంటులో పనిచేసే తమ్ముడు సుధాకర్‌కు ఫోన్ చేసి, నాన్న పొలం తవ్వేస్తున్నారని మాత్రం చెప్పి ఏడ్చింది.

శుక్రవారం సుధాకర్ మొదటి బస్సుకే దిగి, తిన్నగా వెళ్లి జేసీబీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఈ వింత తనే చూద్దామని ఫరా కూడా ఉప్పు కొలిచే మీటరు పట్టుకుని వచ్చింది. ఊరు సగం గట్టు మీదే ఉంది.

"లేరా సుధాకర్. మీ నాన్న ఇచ్చింది పొలం కాదు, సముద్రం" అన్నాడు శేషగిరిరావు.

"నా మీదుగా తవ్వు బావా."

జేసీబీ తొండం పైకి లేచింది. రత్నకుమారి కొంగు బిగించి అడ్డంగా వచ్చింది. "సముద్రం కాదండీ. కళ్లుప్పు. నేనే దిష్టి తీశా, చెయ్యి జారింది."

డ్రైవరు సరిగ్గా వినడానికి ఇంజను ఆపేశాడు.

"మట్టికి దిష్టి తీశారా?" అంది ఫరా.

"పరీక్షకి పోతంది గదమ్మా. పిల్లలకి తియ్యమా?"

ఫరా నవ్వబోయి ఆగిపోయింది. ఇంటర్ పరీక్షలకు వెళ్లేటప్పుడు వాళ్లమ్మ జీనత్ ఎండుమిరపకాయలతో ఆమెకూ తీసేది. ఫరా పొలంలో మూడు నాలుగు చోట్ల కొత్తగా మట్టి తీసి, నీళ్లలో కలిపి, మీటరు పెట్టింది. ఇది పాలచౌడేనని, అదీ ఓ మోస్తరేనని, కడిగితే పోతుందని చెప్పింది. కానీ కింది గట్టు దగ్గర తక్కువగా ఉన్న ఉప్పు పై గట్టు దగ్గర ఎక్కువగా ఉండటం ఆమెకు నచ్చలేదు. తలెత్తి పైకి చూసింది. పై మడిలో కాలవ నీళ్లు నిండుగా నిలబడి ఉన్నాయి.

అక్కడ పెట్టిన నీళ్లు భూమిలోకి దిగి, ఉప్పును మోసుకుంటూ ఇక్కడ తేలుతున్నాయని, ఎండకు నీళ్లు ఆవిరై ఉప్పు మిగులుతోందని చెప్పి, "ఆ నీళ్లు ఎప్పుడూ కట్టెయ్యరా? ఎవరిదండీ పై మడి?" అని అడిగింది.

గట్టు మీద జనం తలలు పక్కకు తిప్పుకున్నారు. డ్రైవరు మాత్రం, ఊరికి కొత్త కాబట్టి మొహమాటం లేకుండా, పొద్దున "ఆ పై మడి నాదే, తొక్కొద్దు" అన్న శేషగిరిరావు వైపు వేలు చూపించాడు.

సుధాకర్ లేచి మట్టి దులుపుకున్నాడు. జేసీబీ ఎలాగూ వచ్చింది కాబట్టి ఊటనీళ్లు పోవడానికి పై మడి అంచున కాలవ తవ్వమంది ఫరా. ఆ కాలవ కింద ఎంత నేల పోతుందో బావగారి పొలంలో అడుగులేసి మరీ చూపించాడు సుధాకర్.

ఆ రాత్రి చారులో ఉప్పు వెయ్యడం రత్నకుమారి మర్చిపోయింది. శేషగిరిరావు రెండుసార్లు పోయించుకుని, బాగుందన్నాడు.