వంకర ముద్ర

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో తాను ఊరికే వదిలిన చమత్కారాన్ని, రబ్బరు ముద్రలు చేసే బావమరిది ముచ్చటపడి ముద్రగా చేసి తెచ్చాడు: "చదివేవాడు సంతకం పెట్టడు, సంతకం పెట్టేవాడు చదవడు." దాన్ని టైపిస్టుకు చూపించి నవ్వించాలి, అంతే.

పదకొండింటికల్లా ముప్పై ఫైళ్ళ మీద "పరిశీలించడమైనది" ముద్ర దబదబా గుద్ది అధికారి గదికి పంపేశాడు. అప్పుడు తీరిగ్గా సొరుగులోంచి రెండో ముద్ర తీసి టైపిస్టు చేతిలో పెట్టాడు.

ఆవిడ కాగితం మీద వేసి చూసింది. "'పరిశీలించడమైనది'. ఇందులో నవ్వడానికేముంది తమ్ముడూ?"

గుమాస్తా ఆ కాగితం లాక్కుని చూశాడు. "అక్కా, కొంప మునిగింది! ఆ ముప్పయింటి మీదా చమత్కారం ముద్రే గుద్దేశాను!"

"గుద్దేటప్పుడు చూసుకోలేదూ?"

"ఎప్పుడు చూశాను గనక!"

పైగా అందులో తన ప్రమోషన్ ఫైలు కూడా ఉంది. పదకొండేళ్ళుగా ఎదురుచూసిన ఫైలు! ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉద్యోగం ఉంటే చాలనుకుంటూ అధికారి గదికి పరుగెత్తాడు.

"ఫైళ్ళా? సంతకాలు పెట్టి డైరెక్టరుగారికి పంపేశాగా. ఏం, తప్పేమైనా దొర్లిందా?" అన్నాడు అధికారి.

"అబ్బెబ్బే, లేదు సార్!" అనేశాడు గుమాస్తా. అన్నాక గాని తెలియలేదు, ఉన్న ఒక్క దారీ తానే మూసేసుకున్నానని.

గబగబా మేడెక్కాడు. డైరెక్టరు గది తలుపు వేసి ఉంది.

"లోపల ఫైళ్ళు చూస్తున్నారు. ఒక్కో కాగితం పరీక్షగా చూస్తారండీ ఈయన," అన్నాడు అటెండరు గర్వంగా.

గుమాస్తా బల్ల మీద కూలబడ్డాడు. ఇంటికెళ్ళి భార్యకేం చెప్పాలి? నీ తమ్ముడి కానుక నా ఉద్యోగం తినేసిందనా? అంతలో గంట మోగింది. పిలుపు తనకే.

డైరెక్టరు చేతిలో ఉన్నది ప్రమోషన్ ఫైలే. "ఈ ముద్ర వేసింది నువ్వేనా?"

"నేనే సార్. క్షమించండి సార్, పిల్లలు గలవాణ్ణి..."

"వంకరగా ఉంది. తిన్నగా వేసి తీసుకురా."

గుమాస్తా కిందికొచ్చి పడ్డాడు. "బతికిపోయావు. ఇప్పుడైనా అసలుది వెయ్యి," అంది టైపిస్టు.

"అమ్మో! తక్కిన ఇరవైతొమ్మిదీ అలాగే ఉన్నాయక్కా. ఒక్కదాని మీద వేరేది కనిపిస్తే, అప్పుడు చదువుతారు!"

పాత ముద్ర మీద తెల్లకాగితం ముక్క అంటించి, స్కేలు ఆనించి, మళ్ళీ ఆ చమత్కారాన్నే అచ్చేసి పైకి పట్టుకెళ్ళాడు.

డైరెక్టరు కళ్ళజోడు సవరించుకుని ముద్రని చాలాసేపు పరీక్షగా చూసి, "ఇప్పుడు బాగుంది," అని సంతకం పెట్టారు.