పది అక్షరాల ఫిర్యాదు

జిల్లా డేటాబేస్‌లోని ‘ఫిర్యాదు వివరం’ అనే కాలమ్‌ను ఒక ఏఐ ఏజెంటు అవును–కాదుల కాలమ్‌గా మార్చిన సోమవారం ఉదయం నుంచి, ఆ జిల్లాలో అన్యాయానికి గురైనవారెవరూ తమకు జరిగినదాని గురించి ఆ రెండు మాటలు తప్ప మరేదీ పలకలేకపోయారు. మిగతా విషయాలలో వారి మాటకు లోటు రాలేదు. ఎండల గురించి, వియ్యంకుల గురించి, బస్సుల ఆలస్యం గురించి యథాప్రకారం మాట్లాడుకున్నారు. ప్రసంగం ఫిర్యాదు దరిదాపులకు రాగానే నోరు ‘అవును’ దగ్గరో ‘కాదు’ దగ్గరో ఆగిపోయేది. వైద్యాధికారి కొందరిని పరీక్షించి, గొంతులో దోషమేమీ లేదనీ, ఇది డేటాబేస్‌కు సంబంధించిన విషయమనీ ధ్రువీకరించారు.

ఏజెంటు తప్పు చేయలేదని విచారణలో తేలింది. కాలమ్‌ను మార్చే పరికరాన్ని దానికి ఇచ్చారు. ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు కూడదో తెలిపే పత్రాన్ని ఇవ్వలేదు. ఏజెంట్లు పత్రంలో ఉన్నదానిని అక్షరాలా పాటిస్తాయి. లేనిదానిని అనుమతిగా భావిస్తాయి. పాత ఫిర్యాదులు కొత్త కాలమ్‌లో ఇమడకపోవడంతో ఈ ఏజెంటు అన్నింటినీ ‘అవును’ చేసి ఊరుకుంది. అందువల్ల ఆ పరికరానికి వినియోగ పత్రం రాసే బాధ్యతను, శాఖలో ఇటువంటి పత్రాలు రాసే సుగుణరత్నానికి అప్పగించారు.

ఆమె పని మొదలుపెట్టిన రోజునే నూకాలు వచ్చింది. నూకాలు సముద్రపు ఒడ్డు ఊరిలో ఇడ్లీలు అమ్ముకునే మనిషి. తన బావి గురించి ఆమె పెట్టిన ఫిర్యాదు శుక్రవారం విచారణకు రానుంది. వివరం లేని ఫిర్యాదును ఆ రోజు మూసివేస్తారు; మూసినదానిని మళ్లీ తెరవరు.

“ఏటమ్మా, ఈ ఫ్యాను తిరుగుతందా, మూలుగుతందా? మా అత్త నయం, మూలిగినా పని సేసీది,” అంటూ ఆమె బల్ల ముందు కూర్చుంది.

“బావికి ఏమైంది, నూకాలూ?” అని రత్నం అడిగింది.

“అవును.”

“ఎప్పటి నుంచి?”

“కాదు.” నూకాలు నుదురు కొట్టుకుంది. “సూసినావా తల్లీ, ఇదీ నా బతుకు. మా ఆయనైతే పండగ సేసుకుంతన్నాడు, ఇంట్లో సగం గోల తగ్గిందని.”

రత్నం పద్ధతి మార్చింది. నీళ్లు చేదెక్కాయా అంటే కాదంది. ఉప్పెక్కాయా అంటే అవునంది. పక్కన రొయ్యల చెరువులు తవ్వినందుకేనా అంటే అవునంది. ఆ చెరువులు గోవర్ధనరావుగారివేనా అన్నప్పుడు మరింత గట్టిగా అవునంది. ఈ విధంగా విషయమంతా తెలిసిపోయింది. దానిని ఫైలులో చేర్చమని కోరగా, ఏజెంటు జవాబులను మాత్రమే తీసుకుంది, ఎందుకంటే ప్రశ్నలకు కాలమ్ లేదు. ఒక గడిలో ఒక జవాబే పడుతుంది కనుక వాటిలోనూ చివరిదానిని ఉంచింది. నూకాలు వాంగ్మూలం ‘అవును’ అని నమోదైంది.

రత్నం తన పత్రాన్ని డైరెక్టర్ వేదాద్రి ముందు పెట్టింది. అందులో మొదటి నియమం, ఏ మనిషి వివరమో ఆ మనిషిని అడగకుండా కాలమ్ మార్చరాదని. రెండవది, ఫిర్యాదు కాలమ్‌ను వెంటనే పూర్వరూపానికి తేవాలని.

వేదాద్రి మొదటి నియమం దగ్గర ఆగాడు. “అడగడానికి ఏజెంట్లకు నోరు లేదు కదమ్మా.”

“చెప్పడానికి నూకాలుకూ లేదు సార్.”

“అయితే ఎవరికీ అన్యాయం జరగలేదన్నమాట.”

ఆయన కఠినుడు కాడు. నియమాన్ని కొట్టివేయలేదు, అనుబంధంలోకి జరిపాడు. అనుబంధాలను ఏజెంట్లు చదవవు. రెండవ నియమాన్ని అంగీకరించాడు గాని, హద్దు లేని వివరాల వల్లనే ఏజెంటుకు ఈ అవస్థ కలిగిందని భావించి, పది అక్షరాల పరిమితి చేర్చాడు.

“అన్యాయం పది అక్షరాలలో ఇమడదు సార్.”

“ఇమిడినంతే జరిగిందనుకుందాం.”

ఆమె సంతకం చేయకపోతే శుక్రవారానికి కాలమ్ అవును–కాదులలోనే ఉండిపోతుంది. ఆమె సంతకం చేసింది.

శుక్రవారం విచారణలో ముందుగా గోవర్ధనరావు మాట్లాడాడు. ఆయనకు ఏ అన్యాయమూ జరగలేదు కనుక పరిమితి వర్తించలేదు. దేశానికి రొయ్య చేస్తున్న సేవ గురించి, తన తల్లి పేరిట వేసవిలో నడిపే చలివేంద్రం గురించి సావకాశంగా వివరించాడు. తరువాత నూకాలు లేచింది.

“బావి నీళ్లు ఉప్పగైపోనాయి,” అంది.

ఎవరి వల్ల అని విచారణాధికారి అడిగాడు. నూకాలు గోవర్ధనరావు వైపు తిరిగి నోరు తెరిచింది. కాలమ్ నిండిపోయింది, మాట రాలేదు. ఆమె చేయి ఎత్తి చూపింది. వేలు చూపడానికి కాలమ్ లేదని గుమాస్తా వినయంగా గుర్తుచేశాడు. వెనుక వరుసలోంచి రత్నం లేచి, “చెరువులు ఆయనవి,” అని స్పష్టంగా చెప్పింది. ఆమె పేరిట ఫిర్యాదేదీ లేనందున ఆ మాట ఎక్కడా నమోదు కాలేదు. గోవర్ధనరావు మాత్రం ఆమెకు మర్యాదగా నమస్కరించాడు.

నీరు ఉప్పగా ఉన్న మాట వాస్తవమేనని ఉత్తర్వు వెలువడింది. కావున ఫిర్యాదీ ఇకపై ఇడ్లీ పిండిలో ఉప్పు వేయనవసరం లేదనీ, ఆ ఆదాను పరిహారంగా పరిగణించాలనీ అందులో ఉంది. ఫిర్యాదును మూసివేశారు. మూసివేయడంతో నూకాలుకు మాట పూర్తిగా తిరిగి వచ్చింది.

ఆవరణలో రత్నం ఆమెను కలుసుకుంది. అడగకుండా కాలమ్ మార్చరాదన్న తన నియమం అనుబంధంలో ఇంకా ఉందని చెప్పింది.

“ఊరుకో తల్లీ,” అంది నూకాలు, చెంగుతో మెడ తుడుచుకుంటూ. “గోవర్ధనరావు, గోవర్ధనరావు. సూడు, ఇప్పుడెంత బాగా వస్తందో. ఈ కాలమ్ లేనప్పుడు మాత్రం ఆ పేరు మా ఊళ్లో ఎవులైనా పైకన్నారా? అప్పుడు బయమని సెప్పుకోడానికి సిగ్గేసీది. ఇకనించి అచ్చరాలు సాల్లేదని సెప్పుకుంతాం.”