బొప్పాయి వైరస్‌కు ప్రభుత్వ ఆహ్వానం

"వైరస్‌కు మనం భయపడే రోజులు పోయినాయి. ఇంక వైరసే మనకు భయపడాల!" అని మంత్రి కోదండరామయ్యగారు ఆత్మకూరులో ప్రకటించారు. విలేఖరిని కాబట్టి ముందు చప్పట్లు కొట్టి, తర్వాత రాసుకున్నాను.

ఊరి బయట ప్రయోగ క్షేత్రంలో శాస్త్రవేత్త రమణిగారు జన్యువు మార్చిన బొప్పాయి మొక్కలు ఒకవైపు, మామూలువి మరోవైపు నాటించారు. వైరస్ సోకితే మామూలువి మాడిపోవాలి, మార్చినవి నిలబడాలి. ఆ తేడాను మంత్రిగారు బహిరంగ సభలో జనానికి చూపించాలి.

సభ దగ్గరపడింది. రెండువైపులా మొక్కలు పచ్చగా కళకళలాడుతున్నాయి.

మంత్రిగారు మండిపడ్డారు. "ఏందమ్మా ఇది? తేడా ఏదీ?"

"ఈసారి ఇక్కడికి వైరస్ రాలేదు సార్," అన్నారు రమణిగారు.

"రాకపోవడమేంది? పిలిపించండి!"

ఇంత చొరవగల నాయకుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆయన ఓఎస్‌డీ సురేంద్రబాబు వెంటనే జీపెక్కారు. వార్త కోసం నేనూ ఎక్కాను. కలిగిరి అవతల హన్నమ్మ అనే రైతు తోటలో ఆకులు ముడుచుకుని, కాయల నిండా ఉంగరాల్లాంటి మచ్చలతో వైరస్ పుష్కలంగా కనబడింది.

సురేంద్రబాబు ముఖం వెలిగిపోయింది. "అద్భుతంగా ఉండాదమ్మా నీ తోట!"

హన్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సర్వనాశనమైపోయిందయ్యా. మళ్ళా ఏం నాటాలో తెలీక ఏడస్తా ఉండాను."

"ఏడవొద్దు. పేనుబంకతో సహా నాలుగు మొక్కలియ్యి. తెగులు మోసేది ఆ పురుగే కదా. సభ అయిపోనీ, వైరస్ రాని మొక్కలు మొదట నీకే."

ఆమె కళ్ళు తుడుచుకుని, తానే మొక్కలు తవ్వి, పురుగు రాలిపోకుండా పాత చీర కప్పి మరీ ఇచ్చింది.

తెగులు మొక్కలకు పోలీసు ఎస్కార్ట్ పెట్టారు. రోగం ముదిరేదాకా సభ వాయిదా వేశారు. కోడలి కాన్పు కబురు కోసం చూసినట్టు మంత్రిగారు రోజూ ఫోన్ చేసి, "వచ్చిందా?" అని అడిగేవారు.

వచ్చింది. మామూలు మొక్కలు మాడిపోయాయి. రమణిగారి మొక్కలు నిలబడ్డాయి.

మంత్రిగారు మైకందుకున్నారు. "ఈ క్షణం నించి మన జిల్లాలో బొప్పాయికి వైరస్ లేదు!"

రమణిగారు ఏదో చెప్పబోయారు గానీ, ఆమె మెడలో కూడా దండ వేసేశారు.

సభ చివర హన్నమ్మ సురేంద్రబాబును పట్టుకుంది. "సార్, నా మొక్కలు?"

"మంత్రిగారు చెప్పింది వినలా? జిల్లాలో వైరసే లేదు. ఇంక ఆ మొక్కలు నీకెందుకమ్మా?"

"అయితే ఆ తోట కొట్టేసి జొన్నేసుకుంటాలే," అని హన్నమ్మ వెనుదిరిగింది.

సురేంద్రబాబు కంగారుగా ఆమె వెంట పరిగెత్తారు.

"కొట్టేయొద్దమ్మా! వచ్చే నెల ఉదయగిరిలో సభుండాది!"