తేలిక పలకకు బరువైన ఉదయం

ఉదయం పదింటికి ఇద్దరు మనుషులు ఒక పలకను మోసుకెళ్ళి, కంపెనీ ఆవరణలోని ఇటుక గోడ ముందు నిలబెట్టాలి. పలక ముందు చిన్న పేలుడు పొట్లం పెట్టాలి. పొట్లం పేలాలి, గోడ నిలవాలి. ఇంజనీరు పథకం అంతే.

గాజునార, జిగురు పొరలుగా పేర్చి, మధ్యలో తేనెపట్టులాంటి గుల్లలు పెట్టి అతను నాలుగేళ్ళు కష్టపడి చేసిన పలక అది. బరువు పద్దెనిమిది కిలోలు. పరీక్ష గట్టెక్కకపోతే అతన్ని మళ్ళీ బాత్రూం తలుపుల విభాగానికి పంపేస్తారు. అక్కడ తలుపులు తెరుచుకుంటాయి గాని దారులు తెరుచుకోవు.

చిక్కు ముందురోజే మేనేజరు నోట మొదలైంది.

"రేపు పలక చూడ్డానికి వచ్చే కొనుగోలు అధికారి ఏదైనా చేత్తో ఎత్తి చూసి తేలుస్తాడటయ్యా. పోయిన నెల ఎవరిదో కుర్చీ ఇలా ఎత్తి, అలా దింపి, వద్దన్నాడట. బరువు లేకపోతే పరువు లేదు!"

"సార్, బరువు లేకపోవడమే దీని గొప్ప."

"ఆ గొప్ప గోడకి చెప్పుకో. ఆయనకి కాదు."

ఇంజనీరు నోటితో ఒప్పుకోలేదు, కడుపుతో ఒప్పుకున్నాడు. పొద్దున్నే ఏడింటికి వచ్చి, పలక అంచుల గొట్టాల్లో ఇనుప కడ్డీలు దూర్చి మూతలు బిగించాడు. అక్కడే వెల్డరుగా ఉన్న బావమరిదికి కూడా చెప్పలేదు.

ఏడున్నరకు బావమరిది వచ్చాడు. మేనేజరు మాట అతని చెవినా పడింది. అక్క కాపురం చల్లగా ఉండాలని, పలకను నిలబెట్టే అడుగు పెట్టెలో పాత నట్లు, బోల్టులు నింపి మూసేశాడు. ఎనిమిదింటికి మేనేజరు వచ్చి, వెనకవైపు ఇనుప రేకు బిగించి రంగు పూయించాడు. ఎవరి రహస్యం వాళ్ళు కడుపులో దాచుకున్నారు. పలక మాత్రం అందరివీ దాచుకుంది.

పదింటికి ఇద్దరు కూలీలు చెరోవైపు పట్టి లేపారు. పలక లేవలేదు. వాళ్ళే కూలబడ్డారు.

"పద్దెనిమిది కిలోలేనయ్యా!" అన్నాడు ఇంజనీరు, అలవాటు కొద్దీ.

"ఎవరి కిలోలు సార్?" అన్నాడొకడు నడుం పట్టుకుని.

"తప్పుకో బావా, నేనున్నాగా!" అంటూ బావమరిది ఫోర్కులిఫ్టు తెచ్చాడు. ఎత్తాడు, తిప్పాడు. మలుపులో పలక జారి ఇటుక గోడ మీద పడింది. గోడ కూలింది. ఇటుకల మీద పలక గీత కూడా పడకుండా పడుకుంది.

సరిగ్గా అప్పుడే అధికారి గేటులోంచి వచ్చాడు.

"గోడ ఏదయ్యా?"

"ఇప్పటిదాకా ఇక్కడే ఉంది సార్," అన్నాడు ఇంజనీరు.

"అప్పుడే పేల్చేశారా?"

"లేదు సార్. ఇంకా మొదలుపెట్టలేదు."

అధికారి వంగి పలకను ఎత్తబోయి, ఎత్తలేక, మెల్లగా నిటారయ్యాడు. "ఇంత బరువా? మా భవనానికి లిఫ్టు లేదు. ఐదో అంతస్తుకి మనుషులే మొయ్యాలి. బరువని కుర్చీలే వద్దన్నవాణ్ణి నేను!"

ఇంజనీరు కళ్ళ ముందు బాత్రూం తలుపులు వరసగా మూసుకున్నాయి. "ఒక్క నిమిషం సార్," అని అంచుల మూతలు విప్పి, కడ్డీలు ఒక్కొక్కటే బయటికి లాగాడు.

"బావా... అడుగున నాది కూడా కొంచెం ఉంది," అన్నాడు బావమరిది. కొంచెం రెండు బకెట్లయింది.

అధికారి మళ్ళీ ఎత్తి చూశాడు. ఇంకా బరువే. అందరూ మేనేజరు వైపు చూశారు. మేనేజరు ఆకాశం వైపు చూశాడు.

"వెనక రేకు... నాదే."

రేకు ఊడింది. ఈసారి అధికారి ఒంటి చేత్తో ఎత్తి, పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు మురిసిపోయాడు.

"బాగుంది. మరి పేలుడుకి ఆగుతుందా?"

"ఆగుతుంది సార్."

"ఏ గోడకి అడ్డం పెట్టి చూపిస్తారు?"

ఆవరణలో మిగిలిన ఇటుక గోడ మేనేజరు గదిదే.

"లోపల ఎవరైనా కూర్చుంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది," అన్నాడు అధికారి, ఆయన వైపే చూస్తూ. "మీకు నమ్మకం ఉందిగా?"

అందరి ముందూ లేదనలేక మేనేజరు లోపలికెళ్ళి కూర్చున్నాడు. బావమరిది టీ గ్లాసు చేతికిచ్చి, "ధైర్యంగా తాగండి సార్," అని బయటికి పరుగెత్తాడు.

పొట్లం పేలింది. పలక వంగి, ఊగి, నిలబడింది. గోడకు పెచ్చు కూడా ఊడలేదు. టీ ఒలికింది గాని, అది పేలుడుకు ముందే.

అధికారి అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఇంజనీరుకు బాత్రూం తలుపులు తప్పాయి. సాయంత్రం అతను నివేదిక పూర్తిచేస్తూ నష్టాల గడిలో ఉన్నదున్నట్టు రాశాడు: పేలుడు వల్ల ఏమీ లేదు, రక్షణ వల్ల ఒక గోడ.