సొన పడ్డ పాట

ఆ రోజు కురుమూర్తి వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున ఆరింటికి కొల్లాపూర్ శివారులోని పెద్దమ్మ మామిడితోటకు వెళ్లాలి, ఎండ ముదరకముందే పాట వీడియో తీయాలి, పదింటికల్లా ఇంటికొచ్చి ఉప్మా తినాలి. మూడు నెలలు కూర్చొని రాసిన ర్యాప్ అది. అతనూ, స్నేహితుడు శ్రీనాథ్ కలిసి "ఎర్రమట్టి జోడి" అని పేరు పెట్టుకుని రెండేళ్లయింది. మాటలు కురుమూర్తివి, మొహం శ్రీనాథ్‌ది. ఇప్పటిదాకా వాళ్ల పాటలు చూసినవాళ్లలో సగం మంది చుట్టాలు, మిగతా సగం పొరపాటున నొక్కినవాళ్లు.

అతన్ని చిన్నప్పటి నుంచి సాకిన పెద్దమ్మ రుక్కమ్మ తోట గేటు దగ్గరే నిలబడి షరతు పెట్టింది.

"ఇదే ఆఖరు, బిడ్డా. కాయ కోసుడు ఒడిసేలోపల నీ పాట నలుగురికి తెల్వాలె. లేకుంటె బిజినేపల్లి పోయి మీ మామ ఎరువుల దుకాణంల కూసో. ఇగ ఒక్క కాయ రాలినా ఇద్దరి వీపులు సాపు చేస్త!"

కురుమూర్తి సరేనన్నాడు గానీ, యూరియా బస్తాల మధ్య కూర్చుని ఏ మనిషైనా ప్రాస కట్టగలడా?

శ్రీనాథ్ చెల్లెలు పద్మజ ఫోన్ పట్టుకుంది. పాట మొదలైంది. శ్రీనాథ్ ఊపు మీద కొమ్మ వంచి ఒక కాయ పట్టుకున్నాడు. తొడిమ పుటుక్కున విరిగి, సొన చిమ్మి సరిగ్గా మెడ మీద పడింది. పచ్చి మామిడి సొన అంటే మాటలా, ఒంటికి తగిలితే నిప్పే! శ్రీనాథ్ మెడ పక్కకు తిప్పి, రెండు చేతులూ పైకి లేపి, రెండడుగులు వెనక్కి గెంతి "సచ్చిన్రో!" అని అరిచాడు.

పద్మజ నవ్వాపుకోలేక ఆ పదకొండు సెకన్ల ముక్కనే నెట్లోకి ఎక్కించింది. అందులో వెనక దరువుంది, శ్రీనాథ్ గెంతు ఉంది. కురుమూర్తి రాసిన మాట ఒక్కటీ లేదు.

మూడు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారు. దానికి "సొన స్టెప్పు" అని పేరు కూడా పెట్టేశారు. కోడేరులో పెళ్లికొడుకు గుర్రం దిగి మరీ వేశాడు. బిజినేపల్లిలో డ్రిల్లు సారు మైదానంలో పిల్లలందరి చేతా వేయించాడు. మల్లన్న అనే ముసలాయన వాకిట్లో వేస్తుంటే కోడలు మూర్ఛ అనుకుని ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. "ఏదీ, మళ్లోసారి చెయ్యి," అన్నాడు డాక్టరు. మల్లన్న చేశాడు. పక్కనున్న నర్సు కూడా చేసింది.

కురుమూర్తి మాత్రం కనబడ్డవాళ్లందరినీ ఒకటే అడుగుతున్నాడు, మాటలెట్లున్నయని. "గా పాటల మాటలు గూడ ఉన్నయా?" అన్నాడు క్షవరం చేసే ఆయన, కత్తెర ఆపి.

ఇంతలో నాగర్‌కర్నూల్‌లో ఒక యువజన సంఘం సొన స్టెప్పు పోటీ పెట్టింది. మొదటి బహుమతి కూలర్. ఎర్రమట్టి జోడికి ప్రత్యేక పిలుపు వచ్చింది. చిక్కల్లా ఒక్కటే: సొన పడితే తప్ప శ్రీనాథ్‌కు ఆ స్టెప్పు రాదు. వారం రోజులు సాధన చేసినా బొంత దులిపినట్టే ఉంది.

"పరేషాన్ కాకు. కాయలు సంచిల ఏసుకపోదాం. స్టేజి మీద తొడిమ విరుస్త, అంతే," అన్నాడు శ్రీనాథ్.

పోటీ రోజు తెల్లవారుజామున కాయలు కోసే పని కురుమూర్తి మీద పడింది. పుట్టినప్పటి నుంచీ తోటలో పెరిగిన చెయ్యి కదా! ఆలోచించకుండానే, మార్కెట్‌కు పంపే కాయల్లాగే తొడిమలు తుంచి, కాయలన్నిటినీ గోనె మీద తలకిందులుగా బోర్లించి, చుక్క మిగలకుండా సొన కార్చి, శుభ్రంగా తుడిచి సంచిలో పెట్టాడు.

వేదిక మీద దరువు మొదలైంది. శ్రీనాథ్ కాయ తీసి మెడ మీద పిండాడు. ఏమీ రాలేదు. ఇంకోటి తీశాడు. అదీ అంతే. మూడో కాయ చూసేసరికి కురుమూర్తికి పొద్దున తాను చేసిన పని గుర్తొచ్చింది.

"వీళ్లు అసలోళ్లు కాదు! దొంగలు!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

సరిగ్గా అప్పుడే రుక్కమ్మ ఆటో దిగింది. చేతిలో చిక్కం, అంటే చివర వల సంచి కట్టిన కాయకోత కట్టె. తోటలో ఒక్క కూలీ లేదు. అందరూ కూలర్ కోసం ఇక్కడే వరుసలో నిలబడి ఉన్నారు. ఆమె తిన్నగా వేదికెక్కింది.

"ఏందే అంజమ్మా! చెట్టు మీద కాయ పండిపోతుంటె మీరిక్కడ ఎగురుతున్నరా? ఇగ నువ్వేందిరా శ్రీనాథ్, గిది ఎగురుడా? మెడ గిట్ల తిప్పాలె, సొన కండ్లల్ల పడకుంట! కట్టె గట్ల లేపాలె! రెండడుగులు ఎనక్కి! కాయ చిక్కంల పడ్డదా? దించు!"

అంటూ కట్టెతో చేసి చూపించింది. నలభై ఏళ్లుగా చేస్తున్న పని. డీజే వాడు ఇది పోటీలో భాగమే అనుకుని దరువు పెంచాడు. కింద నిలబడ్డ అంజమ్మ, మిగతా కూలీలు అలవాటు కొద్దీ మెడలు తిప్పి, చేతులు లేపి, వెనక్కి అడుగేశారు. జనం ఈలలతో ఊగిపోయారు. కూలర్ రుక్కమ్మకు వచ్చింది. రెండో బహుమతి బిజినేపల్లి డ్రిల్లు సారుకు. సొన స్టెప్పు పుట్టించిన ఎర్రమట్టి జోడికి మూడోది, టిఫిన్ డబ్బా.

తిరుగు ప్రయాణంలో కురుమూర్తి కూలర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దమ్మా, రేపు బిజినేపల్లి పోత. నలుగురికి తెల్సింది స్టెప్పే, నా పాట కాదు," అన్నాడు.

రుక్కమ్మ చిక్కం పక్కన పెట్టింది. "గా దరువు మోగుతుంటె మా చేతులు ఎంత జల్ది ఆడినయో చూసినవా? రేపటికెల్లి తోటల పాడు."

"మరి దుకాణం?"

"మీ మామ కూసుంటడు తియ్యి. ఆయనకేం ప్రాసలున్నయా, పాటలున్నయా?"

మర్నాడు చెట్టు కింద, మైకు లేకుండా, కురుమూర్తి మొదటిసారి పాట మొత్తం పాడాడు. శ్రీనాథ్ డబ్బా మీద దరువేశాడు. అది టిఫిన్ డబ్బానే. కూలీల చేతులు దరువుతో పాటే ఆడాయి, మధ్యాహ్నానికి రెండు వరుసలు ఎక్కువే కోశారు. రెండో రోజు అంజమ్మ చిక్కం కిందికి దించి అతని దగ్గరకొచ్చింది.

"కొడుకా, రెండో చరణంల 'కాయ నేల రాలింది' అన్నవ్ సూడు, గది బాగలేదు. రాలిన కాయ దెబ్బ తింటది, ఎవ్వరు కొనరు. 'కాయ కిందికి దిగింది' అను."

కురుమూర్తి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం పట్టలేక ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ మాట అక్కడికక్కడే మార్చేశాడు.

నాలుగు లక్షల మంది చూసిన పాటలో తప్పు పట్టింది అంజమ్మ ఒక్కతే. మాటలు విన్నది కూడా ఆమె ఒక్కతే మరి.