కుడి చెంప మీద పుట్టుమచ్చ

ఆదివారం సాయంత్రం ఆరుంబావుకు కేకు మీద మామగారి పుట్టుమచ్చ కుడి చెంప మీద ఉంది. మామగారికి అది ఎడమ చెంప మీద ఉంటుంది. ఈ సంగతి మొదట గమనించింది అత్తగారు. ఆమెకు పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు.

పొద్దున అనుకున్న పని చిన్నదే. మామగారు ముప్పై తొమ్మిదేళ్ళు నడిపిన సెలూన్‌కు ఆ రోజే ఆఖరు. ఏడింటికి పాత కస్టమర్లు పదిమంది ఇంటికి వస్తారు. కోడలు కేకు చేసి, దాని మీద మామగారి ముఖం దించుతుంది. ఆమె జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ చేస్తుంది. డిజైన్లు దించడం ఆమెకు రోజూ ఉన్న పనే.

ఈ కేకు మీద ముందురోజు వేసుకున్న పందెం కూడా ఒకటి ఉంది. కోడలు రెండు నెలల కిందట ఓవెన్ కొంది. దానికి చోటు కావలసి వచ్చి మిక్సీ హాల్లోకి వెళ్ళింది.

"పచ్చడి నూరాలంటే టీవీ పక్కన నిలబడాల్సొస్తోంది. ఆ ఓవెన్ని అటకెక్కించు అమ్మాయ్," అన్నారు అత్తగారు.

"రేపు మామయ్య కేకు చూసి 'ఇది నేనే' అంటే ఓవెన్ ఇక్కడే ఉంటుంది అత్తయ్యా. అనకపోతే నా చేతుల్తో నేనే అటకెక్కిస్తా."

"ఆయనా? అంటారా?" అని అత్తగారు అప్పుడే అటక మీద చోటు చూసుకున్నారు.

దానికి కారణం ఉంది. మామగారు ఇంతవరకూ తన ఫోటో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. పెళ్ళి ఫోటో చూసి, "వీడెవడో నా తమ్ముడిలా ఉన్నాడు," అన్నారు. ఆయనకు తమ్ముడు లేడు. ఫోటోగ్రాఫర్లకు ముఖం చూడడం రాదని ఆయన అభిప్రాయం. సెలూన్లో గోడ పొడుగునా ఉన్న అద్దం ముందు రోజుకు పది గంటలు నిలబడ్డ మనిషి ఆ మాట అంటే ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పదకొండింటికి కోడలు కేకు మీద తెల్ల క్రీము పూసింది. అది ఆరి వేలికి అంటకుండా అయ్యేదాకా ఆగింది. ఫోటోను బట్టి ట్రేసింగ్ కాగితం మీద ముఖం గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచింది. కాగితాన్ని కేకు మీద పరిచి, చిన్న గుడ్డమూటలో కోకో పొడి కట్టి అద్దింది. జాకెట్టు గుడ్డ మీద ఆమె చేసే పద్ధతి ఇదే. కాగితం ఎత్తింది. ముక్కు, పాపిడి, పుట్టుమచ్చ చుక్కలు చుక్కలుగా దిగాయి.

అప్పుడే భర్త బజారు నుంచి వచ్చాడు. "అబ్బ, ఏం ఉక్క!" అంటూ ఫ్యాన్ వేశాడు.

కోకో పొడి లేచి, కేకంతా తిరిగి, దవడల మీద దిగింది. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గడ్డం వచ్చింది.

"షాపు మూసిన రోజే గడ్డం పెంచేశాడే నాన్న," అన్నాడు భర్త.

"ఏవండీ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"ఇప్పుడేగా బయటనుంచి వచ్చాను?"

"దారి తెలుసుగా, మళ్ళీ వెళ్ళండి."

కోడలు క్రీమంతా గీకేసింది. మళ్ళీ పూసింది. కాగితం క్రీముకు తడిసి చిల్లులు పూడిపోయాయి. ఆమె ఫోను తెరిచి రెండో పద్ధతి చూసింది. బొమ్మ మీద నూనె కాగితం పరచి, గీతల మీదుగా చాక్లెట్ క్రీము పిండాలి. దాని వెనక తెల్ల క్రీము పట్టించి, ఫ్రీజర్లో గట్టిపడనివ్వాలి. తర్వాత కేకు మీద తిరగేసి, కాగితం ఊడదీయాలి.

ముఖం పిండిన పళ్ళెం కోసం రెండింటికి ఫ్రీజర్ ఖాళీ అయింది. అందులో ఉన్నవన్నీ బకెట్లో పడ్డాయి. వాటిలో అత్తగారు మోకాలికి పెట్టుకునే ఐస్ ప్యాక్ కూడా ఉంది. మూడున్నరకు అత్తగారికి మోకాలు నొప్పి పుట్టింది. బకెట్లో ఐస్ ప్యాక్ నీళ్ళసంచిలా దొరికింది. ఆమె దాన్ని గట్టిపడనిద్దామని ఫ్రీజర్ తెరిచి, కనబడిన పళ్ళెం మీద పెట్టారు.

కోడలు నాలుగింటికి తీసి చూసేసరికి ముఖం నడుమ గుంట పడింది.

"అత్తయ్యా, మామయ్య ముక్కు మీద ఏం పెట్టారు?"

"నా మోకాలి ప్యాకే. ఆయన ముక్కు అక్కడుందని నాకేం తెలుసు?"

కోడలు పళ్ళెం మీది క్రీమంతా గీకేసింది. ముఖమంతా మొదటినుంచి పిండింది. ఫ్రీజర్ తలుపు మూసి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. గంటా ముప్పావు లేవలేదు. ఆరింటికి పళ్ళెం తీసి, కాగితాన్ని కేకు మీద తిరగేసి, కొస పట్టుకుని ఊడదీసింది. ఒక్క గీత చెదరలేదు.

ఆరుంబావుకు అత్తగారు వచ్చి చూశారు.

"బాగానే ఉంది అమ్మాయ్. మచ్చే, కాపురం మారింది."

కోడలు ఫోటో చూసింది. కేకు చూసింది. ఒక్క మచ్చే కాదు, పాపిడి కూడా అటునుంచి ఇటు వచ్చింది. ఆమె పనిలో కాగితం తిరగేయడం తప్పు కాదు. జాకెట్టు కుడి చేతికి గీసిన డిజైను తిరగేస్తే ఎడమ చేతికి సరిపోతుంది. ముఖానికి రెండో చెయ్యి లేదన్న సంగతి పన్నెండేళ్ళ అలవాటులో ఆమెకు తోచలేదు.

భర్త లోపలికి వచ్చి కేకును అర్ధచక్రం తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు తలకిందులైంది," అన్నారు అత్తగారు. "తిప్పితే చెంపలు మారతాయేంట్రా?"

"మచ్చ ఒక్కటీ గీకేసి ఇటు పెడితే సరి."

"మచ్చ మారిస్తే పాపిడి మార్చాలి. పాపిడి మారిస్తే జుట్టంతా మార్చాలి," అంది కోడలు. అయినా కేకును మళ్ళీ సరిగా తిప్పి, చాకు తీసుకుంది.

కాలింగ్ బెల్ మోగింది. మామగారు అరగంట ముందే వచ్చేశారు. షాపు తాళంచెవి బల్ల మీద పెట్టి, కేకు మీదికి వంగారు. అత్తగారు అటక కింద స్టూలు వేశారు.

మామగారు చాలాసేపు చూశారు.

"ఇది నేనే," అన్నారు.

కోడలు చేతిలో చాకు అలాగే ఉంది.

"సరిగ్గా చూడండి," అన్నారు అత్తగారు. "మచ్చ ఎటుంది?"

మామగారు ఎడమ చెయ్యి ఎత్తి ఎడమ చెంప ముట్టుకున్నారు. అదే చేత్తో కేకు మీద అటువైపే చూపించారు. "నాకు ఇటుంది. దీనికీ ఇటే ఉంది."

"కేకు మీకు ఎదురుగా ఉందండీ!"

"అద్దం కూడా ఎదురుగానే ఉంటుంది. రోజూ ఈ ముఖాన్ని చూసింది నేనా, నువ్వా?"

"నేనే! నలభై ఒక్క ఏళ్ళుగా!"

"మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా ఇలా గీయించావా?" మామగారు కోడలి వైపు తిరిగారు. "ముఖం చూడడం నీకొక్కదానికే తెలుసమ్మా. ఆ చాకు ఇలా ఇయ్యి."

కోడలు ఇచ్చింది. ఆయన చాకును సొరుగులో పెట్టి, సొరుగు మూశారు.

"దీన్ని కొయ్యడానికి వీల్లేదు."

"పదిమంది వస్తున్నారు మామయ్యా!"

"వచ్చి చూస్తారు."

ఏడింటికి అయిదు నిమిషాలుందనగా భర్త బేకరీకి పరిగెత్తాడు. ఏడుంబావుకు వచ్చినవాళ్ళంతా బేకరీ కేకు తిన్నారు. ఓవెన్ వంటింట్లోనే ఉంది. మామగారి ముఖం ఫ్రీజర్లో ఉంది. అత్తగారి ఐస్ ప్యాక్ ఇప్పటికీ పక్కింటివాళ్ళ ఫ్రీజర్లో ఉంటోంది.