దుఃఖానికి అడ్డమొచ్చిన అలుగమ్మ

ఒక పెద్ద అడవిలో, వాగు పక్క ఎర్రమట్టి దిబ్బలో బొరియ తవ్వుకుని, చీమలు తిని బతికే అలుగమ్మ కాపురముండేది. ఒళ్ళంతా గట్టి పెంకులే గానీ, నలుగురిలో నోట మాట పెగలదు. భయమేస్తే ఉండలా చుట్టుకుపోవడం ఒక్కటే ఆమెకి తెలిసిన విద్య.

ఆ ఏడు కాకి పట్నం వెళ్ళొచ్చి సభలో చెప్పింది. "అక్కడ చెట్లూ రాళ్ళూ పెట్టి, మనుషుల మనసు ఇట్లా ఉంటుందని చూపిస్తున్నారు. జనం విరగబడి చూస్తున్నారు."

"మన దగ్గర లేని చెట్లా, లేని రాళ్ళా? మనమూ పెడదాం," అంది నక్క. వెంటనే సంఘం వేశారు. సంఘానికి పెద్ద ఇంకెవరు, నక్కే.

తుమ్మకంపకి 'కోపం' అని పలక కట్టారు. అత్తిపత్తి మొక్కకి 'సిగ్గు' అని కట్టారు. జిల్లేడు దూది 'సంతోషం'. అది గాలికి ఎగిరిపోతుంటే కోతి వెంటపడి పట్టుకొచ్చేది. దుఃఖం మాత్రం ఎంతకీ దొరకలేదు. చివరికి అలుగమ్మ బొరియ నక్క కంటపడింది.

"ఆహా, ఎంత లోతు, ఎంత చీకటి! ఇదే దుఃఖం," అని దాని ముందు పలక పాతించింది.

మేతకి పోయొచ్చిన అలుగమ్మ, తోక మీద బిడ్డతో, తన గుమ్మం ముందే పరాయిదానిలా నిలబడిపోయింది.

"అయ్యా, అది మా ఇల్లండీ. వానొచ్చేట్టుంది. బిడ్డ తడిస్తే..."

"అర్జీ పెట్టుకోమ్మా," అంది నక్క.

పెట్టుకుంది. ఆకుల మీద గోటితో గీసిచ్చిన మూడు అర్జీలనీ గుమాస్తా దుప్పి శ్రద్ధగా పరిశీలించి, నమిలేసింది.

చూడొచ్చినవాళ్ళు బొరియలోకి తొంగిచూసి కళ్ళొత్తుకునేవాళ్ళు. ఎలుగుబంటి అయితే వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనే అలుగమ్మా ఏడుస్తోంది.

"కాస్త అవతలికి జరుగు తల్లీ," అంది ఎలుగుబంటి ముక్కు చీదుతూ. "దుఃఖానికి అడ్డమొస్తున్నావు."

మూడోనాడు సింహం వచ్చింది. అప్పటికి మబ్బులు బాగా కిందికి దిగాయి. అలుగమ్మ గుండె చిక్కబట్టుకుని రాజుగారి ఎదటికి నడిచింది.

"ప్రభూ, నా..."

సరిగ్గా అప్పుడే జిల్లేడు దూది సింహం ముక్కులో దూరింది. అడవి అదిరేట్టు తుమ్మింది. అంతే! అలుగమ్మ బిడ్డని కడుపులో పొదువుకుని ఉండైపోయింది.

"ఇదేంటోయ్?" అంది సింహం. "ఎంత గుండ్రంగా, ఎంత నిశ్చింతగా ఉంది!"

నక్క తడుముకోలేదు. "మనశ్శాంతి ప్రభూ. వారం రోజులు తిండి మానేసి నా చేత్తో నేనే చేశాను."

"మొదటి బహుమానం దీనికే. 'ముట్టుకోరాదు' అని పలక పెట్టండి. దీన్ని కదిలించినవాడి తోలు ఒలిపిస్తా."

పలక పెట్టి అందరూ విందుకి పోయారు. చినుకు పడింది. అలుగమ్మ మెల్లగా విప్పుకుని అటూ ఇటూ చూసింది. 'ముట్టుకోరాదు' పలకని గోళ్ళతో ఈడ్చుకెళ్ళి బొరియ నోటికి అడ్డంగా నిలబెట్టి, బిడ్డతో లోపలికి పోయింది.

విందు మధ్యలో సంగతి తెలిసి నక్క పరిగెత్తుకొచ్చింది.

"అలుగమ్మక్కా, బంగారు తల్లివి గదూ, బయటికి రా! రాజుగారు ఇంకోసారి చూస్తారట."

లోపల్నించి సన్నగా గొంతు వచ్చింది. "నన్ను కదిలిస్తే తోలు ఒలిపిస్తానన్నారు గదండీ. మీ తోలు గురించే నా దిగులు."

అంతలో సింహం రానే వచ్చింది. "మనశ్శాంతి ఏదోయ్?"

"దుఃఖంలోకి పోయింది ప్రభూ," అంది నక్క.

"పోతే పోయింది. చేసినవాడివి నువ్వేగా, ఇంకోటి చెయ్యి. ఇక్కడే, ఇప్పుడే."

జోరున వాన పట్టుకుంది. నక్క ఒంటికి ఎండుటాకులు అంటించుకుని, ముక్కు తోకలో దూర్చి, ముడుచుకుని పడుకుంది. ఎలుగుబంటి చుట్టూ తిరిగి చూసి, "ఈ మనశ్శాంతి తుమ్ముతోందేమిటి చెప్మా?" అనుకుంటూ పోయింది.

ఆ బొరియ జోలికి మళ్ళీ ఎవరూ పోలేదు.

ఇందులో నీతి ఏమిటంటే, కష్టం చెప్పుకోవడానికి నోరుండాల్సిన పనిలేదు, పలక ఉంటే చాలు.